వెలుతురునకు వంగు పొర

చంద్రకాంతశిల వెన్నెల సోకినంతనే చెమర్చుననియు, సూర్యకాంతశిల యెండ తగిలినంతనే నిప్పు గ్రక్కుననియు మనము కావ్యములందు చదివియున్నాము. ఇవి వట్టి కవిసమయము లనువారు కలరు. కాని యొక వెలుతురు సోకగా ముడుచుకొని, మఱియొక వెలుతురు సోకగా విప్పారు పదార్థము నిజముగనే కలదు. అది ద్రవస్ఫటిక పాలిమరు. పేరు కఱకుగా నున్నను విషయము మన యింటి వస్తువులతోనే తెలియును.

సగము ఖాళీయైన అగ్గిపెట్టెను కదపి చూడుడు. పుల్లలు ముందువెనుకలకు జాఱును. అయినను అన్నియు నొకే దిక్కునకు చూచుచుండును. జాఱుట నీటి గుణము. వరుస తప్పకుండుట స్ఫటిక గుణము. ఈ రెండును గల స్థితియే ద్రవస్ఫటికము. 1888లో రైనిట్జరు అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని గుర్తించెను. ఆయన కాచిన పదార్థము 145.5 డిగ్రీల వేడిమియందు మబ్బుగా కరగి, 178.5 డిగ్రీలయందు తేటపడెను.

ఇట్టి పదార్థమునందు అణువుల నిడివి వెంబడి కంపించు వెలుతురు ఒక వేగముతోను, అడ్డముగా కంపించునది మఱియొక వేగముతోను పోవును. ధర్మవరపు పట్టుచీరకు పడుగు ఒక వన్నె, పేక యొక వన్నె యైనప్పుడు, చూచు దిక్కును బట్టి రంగు మాఱుట మన మెఱుగుదుము. కారణములు వేఱైనను, దిక్కును బట్టి గుణము మాఱుట రెంటికిని సమానము. గడియారముల అంకెలు, టెలివిజను తెరలు పెక్కు ఈ గుణముచేతనే పనిచేయుచున్నవి.

ఇక వెలుతురునకు లొంగుట యెట్లు? అజోబెంజీను అను అణువునకు నడుమ రెండు నత్రజని పరమాణువుల కీలు కలదు. మామూలుగా నిది పుల్లవలె తిన్నగా నుండును. కంటికి కానరాని అతినీలలోహిత కాంతి తగిలిన మోచేయివలె మడుచుకొనును. కనబడు వెలుతురో వేడిమియో తగిలిన మరల సాగును. ఈ మడత రూపమును 1937లో హార్ట్లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బయలుపఱచెను. ఇట్టి యణువులను వరుసగా నిలిపి, పొడవైన గొలుసులుగా కూర్చి వలవలె అల్లిన పలుచని పొర యగును. అందు కొన్ని మడుచుకొన్నచో ప్రక్కవాని వరుసయు చెదరును. వెలుతురు పడిన ముఖము కుదించుకొని, పొర వెలుతురు వైపునకే వంగును. 2003లో జపానునందు ఇకెడయు ఆయన తోడివారును, వెలుతురు కంపించు దిక్కును మార్చి, పొరను కోరిన దిక్కునకు వంచి చూపిరి.

మన చీరల కృత్రిమపు రంగులలో పెక్కింటియందు ఈ అజో కీలే కలదు. మఱి చీర యెండలో ముడుచుకొనదేమి? అచ్చట రంగు పోగునకు అంటియున్నదే గాని, అంతటిని కలిపి కదల్చు కట్టుబాటు లేదు. కీలొక్కటియే చాలదు, వరుసయు కావలెను.

ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వానయే గల మా అనంతపురపు సీమలో ఎండను పగవానిగనే చూతుము. ఈ పొరలు వాన కురిపింపవు, బావి నింపవు. నేటికిని ఇవి మిక్కిలిగా ప్రయోగశాలల వస్తువులే. అట్లని వీని చదువు మనకు పనికిరానిది కాదు. మా వీధిలో మగ్గముల యింటి బాలిక యొకతె పదవ తరగతియందు ఉత్తీర్ణురాలైనది. కళాశాలలో చేరుటకు ఈ నెలాఖరే గడువు. “రంగు లద్దుటకు శాస్త్రమేల?” యని యింటివారు చదువు మాన్పింప జూచుచున్నారు. హానికరములైన కొన్ని అజో రంగులను 1997లో మన ప్రభుత్వము నిషేధించినది గదా! రంగునీళ్లలో చేయి ముంచు పిల్లకు ఆ మాట తెలియవలదా యని మేము ఆ తల్లి నడిగితిమి. ఆమె యింకను బదులు చెప్పలేదు.

ఇది దూరదేశపు విద్యయు కాదు. మా పొరుగున నున్న బెంగళూరులో, రామన్ పరిశోధనాలయమునందు, 1977లో చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ గారలు పుల్లలవంటి యణువులే గాక, బిళ్లలవంటివియు జొన్నరొట్టెల దొంతరవలె పేరుకొని ద్రవస్ఫటికములగునని లోకమునకు చాటిరి.

ధ్రువణ గుణముగల నల్లకంటద్దములు దొరికినచో, కాలిక్యులేటరు అంకెలపై పట్టి మెల్లగా త్రిప్పి చూడుడు. ఒక దిక్కున తెర యంతయు నల్లబడును. మీ బాలికలచేతనే చేయింపుడు. “ఏల?” యని వారడిగిన “నీకేల?” యని మాత్రము బదులీయకుడు.