గుండెకి తాళం వేశారు... కంటికి తాళం పడలేదు!

"మూడు వారాలుగా మీ పేజీ కనిపించడం లేదేమిటి? ఏ హీరోయిన్ మీదో రాసి తన్నులు తిన్నారా?" అని అడిగాడు ఒక అభిమాన పాఠకుడు. తన్నులేం తినలేదు నాయనా! ఒంట్లో ఒక పెట్టె పెట్టించుకొచ్చాను. అగ్గిపెట్టెంత ఉంటుంది. ఎడమ భుజం కింద, కాలర్ ఎముకకి కాస్త దిగువన, చర్మం లోపల కూర్చుంది. దాని పేరు పేస్‌మేకర్.

నా గుండె నిమిషానికి 38 సార్లు మాత్రమే కొట్టుకుంటోందట. అంటే సినిమా మొత్తం స్లో మోషన్‌లో నడుస్తోందన్నమాట. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. డాక్టరుగారు చూసి "పెట్టేద్దాం" అన్నారు.

మన సినిమాల్లో గుండె ఆపరేషన్ అంటే ఎర్ర బల్బు వెలగాలి, బయట హీరోయిన్ గుడిగంటలు మోగించాలి, డాక్టరు కళ్ళజోడు తీసి పెదవి విరవాలి. అవేం లేవు. అక్కడి వరకే మత్తిచ్చి, గంట సేపట్లో ముగించారు. నాలోపలికి తీగ దిగుతూంటే ఎక్స్‌రే తెర మీద నేనే చూశాను. ఇన్నేళ్ళు అందరి సినిమాలూ చూశాను గానీ, నాలోపలి సినిమా చూడ్డం అదే మొదలు!

* * *

సినిమా పత్రికలో ఈ గొడవేమిటంటారా? ఉందండీ సంబంధం. గట్టి సంబంధమే.

1931లో హాలీవుడ్‌లో 'ఫ్రాంకెన్‌స్టైన్' అనే చిత్రం వచ్చింది. దర్శకుడు జేమ్స్ వేల్. రాక్షసుడి వేషం బోరిస్ కార్లాఫ్‌ది. ప్రాణం లేని శరీరంలోకి మెరుపుల కరెంటు పంపితే అది కదుల్తుంది. హాల్లో అందరూ రాక్షసుణ్ణి చూసి జడుసుకుంటే, ఎర్ల్ బాకెన్ అనే అమెరికా కుర్రాడు మాత్రం ఆ కరెంటుని చూశాడు! కరెంటుతో ప్రాణం నిలబెట్టొచ్చన్న ఊహ అతని బుర్రలో అలా పడింది.

పెద్దయ్యాక మినియాపోలిస్‌లో ఒక గ్యారేజీలో కంపెనీ పెట్టాడు. అప్పట్లో పేస్‌మేకర్లు గోడకున్న ప్లగ్గు మీద ఆధారపడేవి. 1957 అక్టోబర్ 31న ఆ ఊళ్ళో కరెంటు పోయింది. ఇలా అయితే లాభం లేదు, బ్యాటరీతో నడిచేది ఒకటి కావాలని సర్జన్ లిల్లిహై అడిగారు. బాకెన్ ఏం చేశాడో తెలుసా? ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయిన మెట్రోనోమ్ సర్క్యూట్ తీసుకున్నాడు. మెట్రోనోమ్ అంటే మన సంగీత దర్శకుల దగ్గర "టక్, టక్" మని తాళం చూపించే సాధనం. దాన్నే మార్చి, జేబులో పట్టేంత పెట్టె తయారు చేశాడు. కొన్ని వారాల్లోనే అది రోగుల గుండెల్ని నడిపింది.

కాబట్టి "సినిమాలు చూసి చెడిపోతున్నావురా" అని ఇంట్లో ఎవరైనా తిడితే ఈ పేజీ చూపించండి. నా పేరు మాత్రం చెప్పకండి!

* * *

సరే, అసలు కథలోకి వస్తాను. ఇంటికొచ్చాక అందరిదీ ఒకటే మాట: "ఇంక భయం లేదు, హాయిగా నిద్రపోండి." హాయిగా ఎక్కడ? గుండెకి తాళం కుదిరింది గానీ, కంటికి తాళం పడలేదు. వరసగా తొమ్మిది రాత్రులు తెల్లారే దాకా ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టాను. విలన్లు ముగ్గురు.

మొదటివాడు నొప్పి. జన్మంతా ఎడమవైపు తిరిగి పడుకున్న మనిషిని. కుట్లు అటే ఉన్నాయి. కొన్ని వారాలపాటు ఎడం చెయ్యి భుజం మీదికి ఎత్తొద్దన్నారు. నిద్రలో ఎత్తేస్తానేమోనని కర్రలా పడుకుంటే వీపు పట్టేసింది. వీడు చిన్న విలన్. తలగడ ఒకటి చేతి కింద పెట్టుకుంటే సగం లొంగాడు. మిగతా సగం గాయం మానాక పోతాడు.

రెండోవాడు గుట్టుగా ఉండే రకం. రాత్రి మనం నిద్రపోతే గుండె కూడా నెమ్మదిస్తుంది. 60 కంటే కిందికి, 50కి, కొందరికి ఇంకా కిందికి దిగుతుంది. అది సహజం. కానీ నా పెట్టెకి "60 కంటే తగ్గనివ్వొద్దు" అని ఆర్డరు. రాత్రి రెండింటికి కూడా పగటి డ్యూటీయే! చెవి తలగడకి ఆనిస్తే చాలు, ధబ్... ధబ్... జాతరలో డప్పు. పైగా కొన్ని మోడళ్ళు అర్ధరాత్రి దాటాక తమని తాము పరీక్షించుకుంటాయి. ఆ కాసేపూ గుండె లయ మారినట్టు కొందరికి తెలుస్తుంది. తెలియనివాళ్ళకి అది దయ్యం సినిమాయే.

మూడోవాడు అసలు విలన్. భయం. నేను కన్ను మూసిన క్షణంలో ఇది ఆగిపోతే? ఈ ప్రశ్న పగలు రాదు. ఇల్లంతా సద్దుమణిగాక మంచం పక్కకొచ్చి కూర్చుంటుంది. నేను మేలుకుని కాపలా కాస్తేనే గుండె కొట్టుకుంటుందన్నట్టు, మణికట్టు పట్టుకుని లెక్కపెడుతూ ఉండేవాణ్ణి. నవ్వకండి. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి చీకటంటే భయం వేసింది.

మా ఆవిడే అంది: "ఏవండీ, అందరి సినిమాలకీ క్లైమాక్సు బాగాలేదు, మార్చమని రాస్తారు కదా. దీన్ని కూడా మార్చమని అడగండి."

అడిగాను. చెకప్ గదిలో టెక్నీషియన్ అమ్మాయి మా మేనకోడలి వయసుంటుంది. నా గోడంతా శ్రద్ధగా విని, మౌస్ లాంటిదొకటి నా ఛాతీ మీద పెట్టి, కంప్యూటర్లో చూసింది. "సార్, ఇది ఎప్పుడూ కొట్టదు. మీ గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊరుకుంటుంది. ఆలస్యమైతేనే అందుకుంటుంది" అంది.

అప్పుడు నాకు వెలిగింది. నాటకాల్లో తెర వెనక ప్రాంప్టర్ ఉంటాడు చూశారూ, నటుడికి డైలాగు గుర్తున్నంత సేపూ నోరెత్తడు. మర్చిపోయిన చోట మాత్రం అందిస్తాడు. ఇదీ అంతే!

డాక్టరుగారు ఊఁ అన్నాక, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 60ని 50 చేసింది. కత్తి లేదు, సూది లేదు. వచ్చేస్తూంటే నవ్వి, "మీరు నిద్రపోయినా అది డ్యూటీలోనే ఉంటుంది సార్. మీరు సాయం చెయ్యక్కర్లేదు" అంది. ఈ మధ్యకాలంలో ఇంత మంచి డైలాగు ఏ సినిమాలోనూ వినలేదు.

ఆ రాత్రే గుర్రు పెట్టానని అబద్ధం చెప్పను. డప్పు మాత్రం తగ్గింది. నాలుగైదు రోజులకి నిద్ర వచ్చింది. భయం ఇప్పటికీ అప్పుడప్పుడూ తలుపు తడుతుంది. ప్రాంప్టర్ ఉన్నాడు పొమ్మంటాను.

* * *

ఇదంతా మీకెందుకంటే, మీ ఇంట్లో తాతయ్యకో, అమ్మమ్మకో ఈ పెట్టె ఉండొచ్చు. నిద్ర పట్టట్లేదని వాళ్ళు చెప్పరు, పిల్లల్ని విసిగించడం ఎందుకని. మీరే అడగండి. చెకప్‌కి తీసుకెళ్ళి ఈ మాట చెప్పించండి. రాత్రి లెక్క తగ్గించడం అందరికీ కుదరదు, అది డాక్టరే తేల్చాలి. కొన్ని గుండె మాత్రల వల్ల కూడా నిద్ర చెడుతుంది. నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగినట్టవుతుంటే అది వేరే జబ్బు, పేస్‌మేకర్ దాన్ని బాగుచెయ్యదు. సొంతంగా నిద్రమాత్రలు కొనివ్వొద్దు. సెల్‌ఫోను ఆ పెట్టెకి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, చొక్కా జేబులో వద్దు. గాయం ఎర్రబడినా, జ్వరం వచ్చినా, కళ్ళు తిరిగినా, ఎక్కిళ్ళు ఆగకపోయినా ఆలస్యం చెయ్యకండి.

అన్నట్టు, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళకో మాట. పెట్టెలో రాత్రి లెక్క గడియారం ప్రకారం నడిచేదైతే దానికి డల్లాస్ తెలీదు. మన రాత్రే దానికి రాత్రి! బయల్దేరే ముందు అడిగి వెళ్ళండి.

చివరగా ఒక రియల్ హీరో. 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయనకి ప్రపంచంలోనే మొదటిసారి పేస్‌మేకర్‌ని ఒంటి లోపల పెట్టారు. అప్పుడాయనకి 43 ఏళ్ళు. ఆ పెట్టె కొన్ని గంటలకే ఆగిపోయింది. ఇంకోటి పెట్టారు. అలా జీవితంలో 20కి పైగా మార్చారు. 2001లో, 86వ ఏట పోయాడు, అదీ గుండెజబ్బుతో కాదు. ఆపరేషన్ చేసిన సెన్నింగ్, పెట్టె తయారుచేసిన ఎల్మ్‌క్విస్ట్ ఇద్దరూ ఆయన కంటే ముందే వెళ్ళిపోయారు.

కొన్ని గంటలు నడిచిన పెట్టెతో మొదలెట్టినవాడు 43 ఏళ్ళు నిద్రపోయి లేచాడు. నాదానికి పదేళ్ళ దాకా బ్యాటరీ ఉందట.

వచ్చే వారం మళ్ళీ సినిమా కబుర్లే. సెలవు!