బయట బెంచీ మీద ఉన్నది బాలింత

నరసాపురం పట్టణంలోనూ, మొగల్తూరు, పేరుపాలెం, పాలకొల్లు వైపు ఊళ్లలోనూ ఉన్న పెద్దలకు, పురుడు పోసే పుట్టిళ్లకు, అత్తవారిళ్లకు, అన్నదానాలు చేసే దాతలకు ఒక మనవి.

నెలలు నిండని బిడ్డనో, పుట్టగానే ఏడవని బిడ్డనో భీమవరమో, ఏలూరో, కాకినాడో తీసుకెళ్లమన్నప్పుడు ఇంటిల్లిపాదీ బిడ్డ వెంట పరుగెడతారు. బరువెంత, ఆక్సిజన్ తీశారా, పాలు పట్టారా అని గంటకో ఫోను. కన్నది ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. ఆమె కూడా ఏమీ చెప్పదు. కుట్లు సలుపుతున్నా, తల పగిలిపోతున్నా, బిడ్డ గాజుపెట్టెలో ఉండగా తన నొప్పి సంగతి ఎత్తడం తప్పనుకుంటుంది. కొన్నిచోట్ల ఆమె పేరు అప్పటికే డిశ్చార్జి పుస్తకంలోకి ఎక్కిపోయి ఉంటుంది. బిడ్డ లోపల రోగి, తల్లి బయట బెంచీ మీద తోడుగా వచ్చిన మనిషి. ఈ లెక్క తప్పు.

ఎందుకు తప్పో చెప్పాలంటే బీపీ దగ్గర మొదలుపెట్టాలి. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సిరావడానికి ఉన్న కారణాల్లో తల్లికి బీపీ పెరగడం ముఖ్యమైనది. బిడ్డ బయటపడగానే ఆ గండం గడిచిందనుకుంటాం. నిజానికి కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యే బీపీ ఎక్కువగా పెరుగుతుంది. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనే ఫిట్లు కాన్పు తరవాత కూడా రావచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె వార్డు ఖాళీచేసి, వేరే ఊళ్లో, వరండాలో, నిద్ర లేకుండా ఉంటుంది. బీపీ చూసే చెయ్యి దగ్గరుండదు. నెత్తురు పోవడం, ఆపరేషన్ కుట్లకు చీము పట్టడం, గర్భసంచికి ఇన్ఫెక్షన్ సోకడం కూడా ఈ రోజుల్లో జరగవచ్చు. అంటే ఎవరిని ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలో ఆమెనే వదిలేస్తున్నాం.

ఊళ్లో ఉంటే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనూ చూస్తుంది. ఆసుపత్రి వరండాలో ఉన్న తల్లి ఏ ఊరి లెక్కలోకి వస్తుంది? జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011లో మొదలైంది. దాని కింద జబ్బుపడ్డ పసిబిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, రవాణా ఉచితం. తల్లికి ఉచిత భోజనం మాత్రం మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులని అందులో రాశారు. కేజీన్నర బిడ్డ లోపల ఉండేది వారాల తరబడి. ఎనిమిదో రోజు నుంచి ఆమె ఏం తింటుందో మనం ఆలోచించాలి.

దాతలకు చెప్పేది ఇక్కడే. అంతర్వేది తీర్థానికి వెళ్లే జనానికి దారిపొడవునా అన్నం పెట్టే ప్రాంతం మనది. ఆ పుణ్యంలో కొంత పసిపిల్లల వార్డు బయటికి మళ్లించండి. వేడి అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర, ఒక ఫ్లాస్కు పాలు, కాచి చల్లార్చిన నీళ్లు చాలు. లేసు అల్లే మన ఆడపడుచులు పసివాళ్లకు నూలు టోపీలు అల్లి ఇస్తామంటే సంతోషమే, ముందు తల్లికి క్యారియర్ వెళ్లనివ్వండి.

పెద్దావిడలకు కోపం రావచ్చు గానీ, పత్యం పేరిట నీళ్లు తగ్గించడం ఆపాలి. బిడ్డ నోరు పెట్టి తాగలేకపోతే తల్లి రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, చేత్తో పాలు పిండి లోపలికి పంపాలి. దానికి తిండి, నీళ్లు, నిద్ర, తలుపున్న ఒక చోటు కావాలి. మొదటి రోజు చెంచాడే వచ్చాయని "దీనికి పాలు లేవు" అనేయకండి. ఆ చెంచాడు ముర్రుపాలే బిడ్డకు మందు.

తల్లిని దూరంగా ఉంచితేనే బిడ్డకు క్షేమమన్న నమ్మకం కూడా నిలవలేదు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో కేజీ నుంచి 1.8 కేజీల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు ఆనించి, ఐసీయూలోనే తల్లికి మంచమిచ్చి చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మామూలు పద్ధతిలో నెలలోపు నూటికి 15.7 మంది బిడ్డలు చనిపోతే, తల్లి పక్కనున్న చోట 12 మంది. కుటుంబాన్ని లోపలికి రానిచ్చి సంరక్షణలో కలుపుకోవాలని మన కేంద్ర ఆరోగ్యశాఖ 2017లోనే మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి ఆసుపత్రి పెద్దలను అడగడానికి మొహమాటపడకండి. బిడ్డను పంపేటప్పుడు తల్లినీ అదే బండిలో పంపమనండి, ఆమెకూ అక్కడ మంచం, రోజూ బీపీ, కుట్ల పరీక్ష కావాలనండి. తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచండి. ఇబ్బంది ముందే తెలిసిన గర్భిణిని బిడ్డ కడుపులో ఉండగానే పెద్దాసుపత్రికి చేర్చగలిగితే ఇద్దరినీ విడదీసే పని సగం తప్పుతుంది.

తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్లు, గంటలో గుడ్డ తడిసేంత నెత్తురు, చలిజ్వరం, దుర్వాసన, ఒక కాలు వాచి నొప్పి, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా బిడ్డ డాక్టర్ వచ్చేదాకా ఆగకండి. ఆసుపత్రిలో ఉంటే అక్కడి నర్సుకు చెప్పండి, బయట ఉంటే 108కి.

మనసు సంగతి ఇంకా కష్టం. "ఏం చేశావో, నెల తక్కువ పిల్ల పుట్టింది" అని ఒక్కరు అన్నా ఆ తల్లి దాన్ని ఏళ్లపాటు మోస్తుంది. నిద్ర పట్టకపోవడం, బిడ్డను చూడబుద్ధి కాకపోవడం, చచ్చిపోవాలనిపించడం పొగరు కాదు, దిష్టి కాదు. వైద్యం ఉన్న జబ్బు. 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలిమానస్ వాళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. ఆమె చేయలేకపోతే భర్త చేయాలి.

బిడ్డ దక్కని తల్లిని మరీ మరచిపోతాం. ఆమెకూ పాలు పడతాయి, ఆమెకూ బీపీ పెరుగుతుంది, ఆమెకూ 42 రోజులు బాలింతతనమే. ఆశా అక్కలూ, ఏఎన్ఎం అమ్మలూ, పొత్తిళ్లు లేని ఇంటి గడప కూడా తొక్కండి. ఊరొదిలి ఆసుపత్రిలో ఉన్న బాలింతలకైతే మీ ఫోను నంబరు ఇచ్చి, మూడో రోజు, ఏడో రోజు ఒక్కసారి పలకరించి బీపీ ఎంతుందో అడిగి రాసుకోండి.