ఆయాసరోగులకు వంశవిచారణ జరుగవలెను
ప్రజలకును, వైద్యాధికారులకును విజ్ఞప్తి



ఆయాసముతో ఆసుపత్రి మెట్లెక్కిన మనుష్యుని "చుట్ట కాల్చుదువా?" అని ఒక్క ప్రశ్న అడిగి, అతడు తల యూపినంతనే కారణము దొరికినదని తలచి మందుచీటీ వ్రాసి పంపివేయుట మనకు పరిపాటియైనది. జీవితమంతయు చుట్టలు కాల్చియు నిక్షేపముగా నాగలి పట్టుచున్న వృద్ధులు పల్లెపల్లెను కనబడుచుండగా, పొగ ముట్టని మరియొకడు నలువది యేండ్లకే నాలుగడుగులు వేయలేక కూలబడుట యేలయని విచారించువారు అరుదు. పొగాకు, కట్టెలపొయ్యి, ప్రత్తిమిల్లుల దుమ్ము ప్రధానకారణములనుట నిర్వివాదమే గాని, అవి అందరిని ఒకే తీరున బాధింపవు. ఆ భేదములో కొంత వంశానుగతము.

1963లో స్వీడన్ దేశపు మాల్మో నగరమున లారెల్, ఎరిక్‌సన్ అను వైద్యులు రోగుల రక్తములోని ప్రొటీనులను విద్యుత్తుతో వేరుపరచి చూచుచుండగా, ఉండవలసిన చార యొకటి ఐదుగురి నమూనాలలో కానరాలేదు. ఆ ఐదుగురిలో ముగ్గురికి చిన్నవయసుననే ఊపిరితిత్తులు చెడియుండెను. లోపించినది ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అను ప్రొటీను. సూక్ష్మజీవులను చంపుటకై తెల్లకణములు విడుచు ఎలాస్టేజ్ అను ఎంజైము మన గాలిగదుల గోడలను తినివేయకుండ కాచునది ఇదియే. తల్లినుండియు తండ్రినుండియు చెడిన జన్యువే సంక్రమించినచో, ప్రొటీను పుట్టినచోటనే, అనగా కాలేయములోనే, చిక్కుపడి, ఊపిరితిత్తులకు కొద్దిగానే చేరును. అట్టివాడు పొగ త్రాగినచో తెల్లకణములు ఊపిరితిత్తులలో మరింత గుమిగూడును. మిగిలిన కొద్దిపాటి ప్రొటీనును సైతము పొగ నిర్వీర్యము చేయును.

అట్లని పుట్టిన ప్రతి శిశువును పరీక్షింపుడని మేము కోరుటలేదు. స్వీడనువారు 1972–74 నడుమ 2 లక్షల శిశువులను పరీక్షించి, తీవ్రలోపముగల 127 మందిని కనుగొనిరి. వారిలో అత్యధికులు పెరిగి పెద్దలైన పిదప పొగ జోలికి పోలేదనుట గొప్ప లాభమే; కాని తల్లిదండ్రులకు కలిగిన మనోవ్యథను చూచి ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. ఈ చరిత్రనుండి మేము గ్రహించిన మార్గము వేరు: రోగము బయటపడిన వానినుండి మొదలిడి, వాని తోబుట్టువులను వెదకవలెను. శ్వాసమార్గములు బిగిసిపోవు దీర్ఘవ్యాధియగు సి.ఓ.పి.డి. గల రోగులందరికి ఈ లోపమును కనిపెట్టు రక్తపరీక్ష ఒక్కమారైనను జరుగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997లోనే సూచించినది.

ఈ లోపము ఉత్తర ఐరోపావారితో పోల్చిన మనవారిలో అరుదేయని కొందరు వైద్యులు ఆక్షేపింపవచ్చును. నిజమే. అయినను మేనరికములు నేటికిని సాగుచున్న మన సంఘములో, అరుదైన జన్యువులు ఇరువైపులనుండి ఒక్క బిడ్డలో కలిసికొను అవకాశము హెచ్చు. కావున నలుబదియైదేండ్ల లోపున రోగము వచ్చినవారికిని, పొగ ఎరుగకయే వచ్చినవారికిని, ఇంటిలో మరియొకరు ఇదే బాధ పడినవారికిని ఈ రక్తపరీక్ష ఉచితముగా చేయింపవలెను. ఫలితము రోగికి తప్ప అన్యులకు తెలియరాదు. తెలిసినచో పిల్లల పెండ్లిసంబంధములు చెడునన్న భయమే అనేకులను పరీక్షకు దూరము చేయును. ఆ భయమును మూఢత్వమని కొట్టివేయుట సుఖముగా నున్నవారికి సులభము.

అంతకన్న ముందు ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలోను ఊపిరిని కొలుచు స్పైరోమీటరు ఉండవలెను. ఉన్నది బీరువాలో కాక బల్లమీద నుండవలెను. ముక్కునకు క్లిప్పు పెట్టి, నిండుగా గాలి పీల్చి, గొట్టములోనికి బలముకొలది ఊదించిన చాలును. ఊదిన మొత్తము గాలిలో మొదటి సెకనునందు వచ్చునది, శ్వాసమార్గములను సడలించు మందు పీల్చిన పిమ్మటను, 70 శాతమునకు తగ్గియుండిన శ్వాసమార్గములు బిగిసినవని తెలియును. ఎక్స్‌రే మాత్రమే తీసి సరిపుచ్చుకొనువారికి తొలిదశలో ఈ బిగింపు దొరకదు. కేసుషీటులో తల్లిదండ్రుల, తోబుట్టువుల ఊపిరి సంగతి వ్రాయుటకు ఒక్క వరుస చేర్చిన ఖర్చేమున్నది?

దాతల ప్లాస్మానుండి తీసిన ప్రొటీనును వారమువారము సిరలోనికి ఎక్కించు చికిత్స కలదు గాని, అది బహువ్యయసాధ్యము; చెడిన గాలిగదులను మరల కట్టజాలదు. ఆరోగ్యముగానున్న తమ్మునిచేత చుట్ట మాన్పించుటకు అంత ధనము అక్కరలేదు.

ఈ కోరికలను గ్రామసభలో తీర్మానింపజేసి, ఆసుపత్రి అభివృద్ధి సంఘమునకును మీ శాసనసభ్యునికిని పంపుడు. ఆయాసపడువారి యింట పొగత్రాగు అన్నదమ్ములుండినచో, ప్రభుత్వపు ఉత్తరువు వచ్చువరకు ఆగక, వారిని ఈ వారములోనే ఊదుడు పరీక్షకు తోడ్కొనిపొండు.