నాశనము వేరు, వెలి వేరు

మేజిక్ ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట తెలిసిన మిత్రులు కొందరు ఆబ్లివియన్ రింగ్ కిటుకును మోసమని నిందిస్తున్నారు. ఆ నింద నాకు సమ్మతం కాదు.

మొదట మాటల సంగతి. కార్డును తొలగించడమంటే ఒకటే పని అనుకోవడం పొరపాటు. డిస్ట్రాయ్ అంటే నాశనం, శాక్రిఫైస్ అంటే కార్డు ఎవరి అదుపులో ఉందో వారే బలి ఇవ్వడం, ఎక్సైల్ అంటే వెలి. ఇండిస్ట్రక్టిబుల్ అయిన జీవి నాశనానికి లొంగదు కాని, బలికీ వెలికీ లొంగుతుంది. దాని టఫ్‌నెస్ సున్నాకు దిగితే గ్రేవ్‌యార్డుకు పోక తప్పదు. 2009 దాకా వెలిని 'ఆటనుండి తొలగించు' అనేవారు. అలా తొలగిన కార్డులు మళ్ళీ ఆటలోకి వస్తూ ఉంటే ఆ మాటకు అర్థమేముంది? పేరు మార్చి మంచిపని చేశారు.

ఇక 2012 నాటి రెస్ట్ ఇన్ పీస్ చూడండి. గ్రేవ్‌యార్డుకు పోవలసిన కార్డు దాని వల్ల వెలికి పోతుంది. అప్పుడు ఆ జీవి 'చనిపోలేదు'. చనిపోతే జరగవలసినవేవీ జరగవు. మన వ్యాకరణంలో ఆదేశం ఇటువంటిదే. 'వాడువోయె' అన్నచోట పకారమేదని వెదికేవారుండరు కదా!

ఆబ్లివియన్ రింగ్ 2007లో వచ్చింది. దానిమీద రెండు వేర్వేరు వాక్యాలున్నాయి. రింగ్ రాగానే మరొక కార్డును వెలివేయాలన్నది ఒకటి. రింగ్ పోగానే ఆ కార్డును తిరిగి తేవాలన్నది రెండవది. మొదటిది స్టాక్ మీద ఉండగానే ఆటగాడు తన రింగును తానే తప్పిస్తే రెండవది దానిపైన చేరుతుంది. చివర చేరినది ముందు నెరవేరుతుంది గనుక, తిరిగి తేవడానికి అప్పటికి వెలి అయినది ఏదీ లేదు. ఆ తరువాత మొదటి వాక్యం నెరవేరుతుంది, వెలి శాశ్వతమౌతుంది. ఎదుటివాడు తొందరపడి రింగును ధ్వంసం చేసినా ఇదే ఫలితం, తన కార్డు తనకు దక్కదు. నియమం ఎవరి పక్షమూ వహించలేదు.

ఈ కిటుకు వాడినందుకు మా మనవణ్ణి ఒక పెద్దమనిషి పదిమందిలో దొంగాటగాడన్నాడు. ఏ నియమం తప్పాడని పిల్లవాడు అడిగితే, 'కార్డు ఉద్దేశం అది కాదు' అన్నాడట! పద్నాలుగేళ్ళవాడు మాటను చదివాడు. ఆయన మనసులోనిది చదివాడు. ఉద్దేశమెక్కడుంటుందండీ, వాక్యంలో కాక?

ఆట తయారుచేసినవారికి ఈ సంగతి తెలుసు. వారు ఆటగాళ్ళను దండించలేదు, కొత్త కార్డులలో వాక్యాన్ని దిద్దారు. 2013లో బానిషర్ ప్రీస్ట్, 2014లో బానిషింగ్ లైట్ 'ఇది రంగం విడిచేవరకు' అన్న మాటతో వచ్చాయి. రెండు వాక్యాలు ఒకటయ్యాయి. ముందే లైట్ పోతే వెలి జరగనే జరగదు. ఆబ్లివియన్ రింగ్ మీది రెండు వాక్యాలను మాత్రం రెండుగానే ఉంచారు.

ఈ కిటుకు గిట్టనివారు బానిషింగ్ లైట్ ఆడుకోండి, ఎవరూ వద్దనరు. రెండు వాక్యాలను ఒకటిగా చదవమని మాత్రం పిల్లలను గద్దించకండి.