ఆ ఎర్ర సిలిండర్ల బండి వెనకాల మీరున్నారా?

జీడిమెట్ల, పటాన్‌చెరు, విశాఖ దగ్గర పరవాడ... ఈ రూట్లలో బైక్ మీద తిరిగేవాళ్లకి సిలిండర్ల బండ్లు కొత్తేం కాదు. ఒళ్లంతా నలుపు, మెడ దగ్గర తెలుపు ఉంటే అది ఆక్సిజన్. మనిషెత్తున, సన్నగా, ఎర్రగా ఉంటే హైడ్రోజన్. మందుల కంపెనీలకి, వనస్పతి తయారీకి, లోహాల పనులకి ఇది కావాల్సిందే.

ఒక్కో సిలిండర్ బరువు సుమారు 50, 60 కిలోలు. లోపలుండే గ్యాస్ మాత్రం అరకిలో పైచిలుకే! అంత కొంచెం గ్యాస్‌కి ఇంత ఉక్కు ఎందుకంటే, ఒత్తిడి వల్ల. కారు టైర్లో ఉండేది రెండుంపావు బార్ అనుకుంటే, ఇందులో 150 బార్ దాకా ఉంటుంది. సిలిండర్ కిందపడి పైనున్న వాల్వ్ విరిగిందనుకోండి, అది రాకెట్‌లా దూసుకుపోతుంది. అందుకే బండి ఎక్కించేముందు రెగ్యులేటర్ తీసేయాలి, వాల్వ్ మీద టోపీ బిగించాలి, కదలకుండా గొలుసుతో కట్టాలి.

వంటగ్యాస్ అలవాటు ఇక్కడ పనిచేయదు. వంటగ్యాస్ లీకైతే వాసనొస్తుంది, కిందికి దిగుతుంది. హైడ్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు. గాలికన్నా 14 రెట్లు తేలిక కాబట్టి పైకి పోతుంది. ఆరుబయట అది మంచిదే, లీకైనా త్వరగా చెదిరిపోతుంది. అదే మూసేసిన వ్యాన్‌లో అయితే పైకప్పు కింద పోగవుతుంది. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది. పెట్రోల్ ఆవిరి అంటుకోడానికి కావాల్సిన నిప్పురవ్వలో పదో వంతు చాలు. పైగా పగటి వెలుతురులో ఆ మంట కంటికి దాదాపు కనిపించదు.

2018 ఫిబ్రవరి 11న కాలిఫోర్నియాలోని డైమండ్ బార్‌లో హైడ్రోజన్ సిలిండర్లు తీసుకెళ్తున్న లారీ రోడ్డు మీదే అంటుకుంది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. అన్ని ఏర్పాట్లూ ఉన్న దేశంలోనే అలా జరిగింది.

మన దగ్గర రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. 2016 గ్యాస్ సిలిండర్ రూల్స్ ప్రకారం గ్యాస్ నింపిన సిలిండర్‌ని టూవీలర్ మీద తీసుకెళ్లకూడదు. మోటారు వాహనాల రూల్స్ ప్రకారం ప్రమాదకర సరుకు నడిపే డ్రైవర్‌కి ప్రత్యేక శిక్షణ ఉండాలి. బండి మీద గ్యాస్ పేరు, నంబర్, ఎమర్జెన్సీ ఫోన్ ఉన్న బోర్డు కనిపించాలి. కంప్రెస్డ్ హైడ్రోజన్ నంబర్ 1049. సరుకు పంపే కంపెనీయే దాని గురించి పూర్తి సమాచారం ఇవ్వాలి. ఆ కాగితం డ్రైవర్ దగ్గర ఉండాలి.

అసలు సమస్య ఇక్కడే. ‘ఖాళీ సిలిండర్లే కదన్నా’ అంటూ రోజు కూలీకి వచ్చిన కుర్రాడితో దొర్లించి ఎక్కిస్తే, ఆ కాగితం వల్ల లాభమేంటి? ఖాళీ అన్న సిలిండర్లోనూ కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది. మొదట ప్రాణం మీదకొచ్చేది ఆ కుర్రాడికీ డ్రైవర్‌కీ. లోపలున్నది ఏంటో తెలుసుకునే హక్కు కూడా అందరికన్నా ముందు వాళ్లదే.

ఇక మన సంగతి. అలాంటి బండికి అతుక్కుని వెళ్లొద్దు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగి సిగరెట్ వెలిగించొద్దు. బుస్‌మని శబ్దం వినిపించినా, బండి పక్కకి ఒరిగినా కనీసం 100 మీటర్లు వెనక్కి వెళ్లి 112కి ఫోన్ చేయండి. బోర్డు మీద నంబర్ కనిపిస్తే చెప్పండి. లీకు ఆపకుండా మంట ఆర్పితే, బయటికొచ్చే గ్యాస్ పోగై పేలొచ్చు. కాబట్టి ఆ పని ఫైర్ సిబ్బందికి వదిలేయండి. రీల్ కోసం దగ్గరికి మాత్రం అస్సలు పోవద్దు, మంట ఎక్కడుందో మీ కెమెరాకి కూడా సరిగ్గా కనిపించకపోవచ్చు.

ఈ బండ్లు ఇక తగ్గవు. 2030 కల్లా దేశంలో ఏడాదికి 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తయారుచేయాలన్నది కేంద్రం లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన కూడా అయింది. మీలో చాలామంది ల్యాబుల్లో, ప్లాంటుల్లో పనిచేస్తుంటారు. ఈసారి గేటు దగ్గరికి సిలిండర్ల బండి వస్తే రెండు నిమిషాలు ఆగి చూడండి. వాల్వులకి టోపీలున్నాయా? గొలుసు కట్టారా? డ్రైవరన్నకి తను ఏం మోస్తున్నాడో ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే బండి కదిలేలోపు మీరే చెప్పండి.