మాటల మూట: టోపీ ఆమె, హెల్మెట్ అతడు!



ముప్ఫయి ఏళ్ళకు పైగా మీవంటి పిల్లల నోటుబుక్కులలో తప్పుల కింద ఎర్ర గీతలు గీసినవాణ్ణి నేను. పోయిన నెల నా నోటుబుక్కులోనే ఎర్ర గీత పడింది. గీసినది ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన అమ్మాయి. ఆ సంగతే ఈ నెల చెబుతాను.

ఆ అమ్మాయి నర్సు చదువు పూర్తిచేసింది. జర్మనీలో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్ళాలని జర్మను భాష నేర్చుకొంటున్నది. సాయంత్రం పూట మా అరుగు మీద కూర్చుని నాకు పాఠాలు అప్పజెబుతుంది. వినీ వినీ నాకూ సరదా పుట్టి, నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను.

ఆనాటి పాఠంలో ‘హెల్మ్’ అనే మాట వచ్చింది. అంటే శిరస్త్రాణం, మనం హెల్మెట్ అనేది. జర్మనులో నామవాచకాన్ని దాని ముందుండే చిన్న మాటతో కలిపి నేర్చుకోవాలి. పుంలింగమైతే ‘డెర్’, స్త్రీలింగమైతే ‘డీ’, నపుంసకలింగమైతే ‘డాస్’. ప్రాణంలేని వస్తువే కదా, పైగా సంస్కృతంలో శిరస్త్రాణం నపుంసకలింగమే కదా అని, నేను ధీమాగా ‘డాస్ హెల్మ్’ అని రాశాను.

“కాదు మాస్టారూ, డెర్ హెల్మ్!” అంటూ ఆ అమ్మాయి ఎర్ర గీత గీసింది.

“హెల్మెట్ మగవాడెట్లా అయ్యాడమ్మా?” అన్నాను.

“ఏమో మాస్టారూ! టోపీ మాత్రం స్త్రీలింగం, డీ ముట్సె. ఇవన్నీ కలగాపులగమై పోయినసారి పరీక్ష తప్పాను. ఈసారీ తప్పితే, నా చదువుకు నాన్న చేసిన అప్పు ఎట్లా తీరుతుంది?” అన్నది. ఆమె గొంతు వణికింది.

“తల్లీ, ముందు మన ఇంటి వింత చూడు” అన్నాను. “అతడు వచ్చాడు అంటాము. ఆమె వచ్చింది, బండి వచ్చింది అంటాము. ఒక మనిషికీ, ఒక బండికీ ఒకటే క్రియ! అదే ఎక్కువమంది అయితే, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా ‘వచ్చారు’. బండ్లు మాత్రం ‘వచ్చాయి’. జర్మను పిల్లవాడికి ఇది వింత కాదూ? సంస్కృతంలో భార్య అనే అర్థంలోనే ‘భార్యా’ స్త్రీలింగం, ‘దారాః’ పుంలింగం, ‘కళత్రమ్’ నపుంసకలింగం. మనిషి ఒకతే, లింగాలు మూడు. దీన్నిబట్టి ఏం తెలిసింది?”

“లింగం మాటకే గాని, వస్తువుకు కాదని!” అన్నది అమ్మాయి, కాస్త తేరుకుని.

“అదీ సంగతి! జర్మనులో అమ్మాయిని ‘డాస్ మేట్‌షెన్’ అంటారు. నపుంసకలింగం! చిన్నతనాన్ని తెలిపే ‘షెన్’ అనే తోక తగిలితే, ఏ మాటయినా నపుంసకమే. హెల్మ్‌కు అటువంటి తోక ఏదీ లేదు. కాబట్టి ‘డెర్ హెల్మ్’ అని ఒకే మాటగా నోటికి పట్టించాలి.”

లింగం తప్పితే ఏం మునిగిపోతుందంటారా? వాక్యమంతా చెడుతుంది. “వో ఇస్ట్ డెర్ హెల్మ్?” అంటే “హెల్మెట్ ఎక్కడ?” అని. “ఎర్ లీక్ట్ ఔఫ్ డెమ్ టిష్” అని జవాబు. ‘ఎర్’ అంటే అతడు. హెల్మెట్‌గారు బల్లమీద పడుకున్నాడన్నమాట!

మనం ‘రాముడు వచ్చాడు’ అంటాము, ‘రాముణ్ణి చూశాను’ అంటాము. కర్మ అయినప్పుడు మాట చివర మారుతుంది. జర్మనులో ముందున్న చిన్నమాట మారుతుంది. “ఇష్ జూఖె డెన్ హెల్మ్” అంటే “హెల్మెట్‌ను వెతుకుతున్నాను” అని. డెర్ కాస్తా డెన్ అయింది. డీ, డాస్‌లు ఇక్కడ మారవు. పుంలింగానికే ఈ మార్పు. హెల్మెట్లు చాలా ఉంటే ‘డీ హెల్మె’.

ఇక సమాసాలు. సంస్కృతంలో స్త్రీ శబ్దం స్త్రీలింగమే అయినా, ‘స్త్రీధనమ్’ నపుంసకలింగం. చివరి మాటదే అధికారం. జర్మనులోనూ అంతే. ‘డాస్ ఫార్‌రాట్’ అంటే సైకిలు, నపుంసకం. దానికి హెల్మ్ చేరితే ‘డెర్ ఫార్‌రాట్‌హెల్మ్’, సైకిలు హెల్మెట్. ‘షుట్స్’ అంటే రక్షణ. ‘డెర్ షుట్స్‌హెల్మ్’ ఇళ్ళు కట్టేచోట పనివాళ్ళు పెట్టుకొనేది. మరి హెల్మ్ ముందుకు పోతేనో? ‘డీ ప్ఫ్లిష్ట్’ అంటే విధి. అందుచేత ‘డీ హెల్మ్‌ప్ఫ్లిష్ట్’ స్త్రీలింగం: హెల్మెట్ పెట్టుకొని తీరాలనే నియమం. పశ్చిమ జర్మనీలో మోటారుసైకిలు నడిపేవారికి ఈ నియమం 1976లో వచ్చింది. మన దేశపు 1988 మోటారు వాహనాల చట్టంలోనూ ఇటువంటి నియమం ఉన్నది.

ఈ హెల్మ్ చాలా పాత మాట. ‘కప్పటం’ అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిందంటారు. రక్షణ, ఆశ్రయం అనే అర్థాలున్న సంస్కృతపు ‘శర్మన్’ దీనికి చుట్టమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే మన శర్మగారి పేరులోనూ ఒక హెల్మెట్ దాగి ఉన్నదన్నమాట! జర్మనీలో ‘విల్హెల్మ్’ అనే పేరున్నది. సంకల్పం, శిరస్త్రాణం అనే రెండు మాటలు కలిసి ఆ పేరయింది.

ఆ పేరుగల విల్హెల్మ్ గ్రిమ్ (1786–1859), తన అన్న యాకోబ్ గ్రిమ్ (1785–1863)తో కలిసి 1812లో జానపద కథలు అచ్చువేయించాడు. ఆ కథలు మీరూ వినే ఉంటారు. ఆ అన్నదమ్ములే 1838లో జర్మను భాషకు పెద్ద నిఘంటువు మొదలుపెట్టారు. యాకోబ్ చనిపోయేనాటికి పని ‘ఎఫ్’ అక్షరం దగ్గరే ఉన్నది. ‘హెచ్’తో మొదలయ్యే హెల్మ్ దాకా ఆయన రానేలేదు. తరువాతి పండితులు దాన్ని 1961లో పూర్తిచేశారు.

“చూశావా? తమ మాటలన్నీ కూర్చటానికి వాళ్ళకే 123 ఏళ్ళు పట్టింది. ఒకసారి పరీక్ష తప్పినందుకు నువ్వు బెంగపడటం దేనికి?” అన్నాను. అమ్మాయి నవ్వింది.

అంతలో వాళ్ళ నాన్న స్కూటరు మీద వచ్చాడు. హెల్మెట్ హాండిలుకు వేళ్ళాడుతున్నది.

“జెట్స్ డైనెన్ హెల్మ్ ఔఫ్, నాన్నా!” అన్నది అమ్మాయి.

“అంటే ఏమిటే?” అన్నాడాయన.

“నీ హెల్మెట్ పెట్టుకో అని. డెర్ హెల్మ్ కాబట్టి డైనెన్!”

“పక్క పేటకే గదమ్మా!”

“ఏమయ్యా, క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కు లాగుతాము గదా, ఎందుకు? బంతి కొంచెం నెమ్మదిగా ఆగితే దెబ్బ తగ్గుతుందని. హెల్మెట్ లోపల థర్మోకోల్ వంటి పొర ఉంటుంది. అది తాను నలిగి, తల ఆగటానికి కాస్త వ్యవధి ఇస్తుంది. హాండిలుకు తగిలిస్తే హాండిలునే కాపాడుతుంది” అన్నాను.

ఆయన నవ్వి ఊరుకోబోయాడు. కాని అమ్మాయి నవ్వలేదు. “నేను అంత దూరాన ఉంటే, ఇక్కడ నీకు రోజూ ఎవరు గుర్తుచేస్తారు నాన్నా?” అన్నది.

ఆయన మారుమాట్లాడకుండా హెల్మెట్ తీసి తలకు పెట్టుకుని, గడ్డం కింది పట్టీ బిగించాడు. అమ్మాయి తనదీ పెట్టుకుని వెనక కూర్చున్నది. ఆ పూట పాఠం నాకంటే ఆ అమ్మాయే బాగా చెప్పింది.

ఈ నెల పని: ‘డీ హంట్’ అంటే చేయి, స్త్రీలింగం. ‘డెర్ షూ’ అంటే జోడు, పుంలింగం. రెండూ కలిస్తే ‘హంట్‌షూ’. దాని ముందు డెర్ రావాలా, డీ రావాలా? చేతికి తొడిగే ఆ జోడు ఏమిటి? ఆలోచించండి. జవాబు వచ్చే నెల.