గొయ్యి చూసొచ్చాం

"కొండ మీద ఏ గుడుంది?" అని అడిగింది అమ్మ ఫోన్లో. మా మాకవరపాలెం వైపు కొండ ఎక్కామంటే పైన ఎవరో ఒక దేవుడుండాలి. "గుడి లేదమ్మా, పెద్ద గొయ్యి ఉంది" అన్నాను. "గొయ్యి చూడ్డానికి తెల్లారగట్ల లేచి ఎల్లావా?" అంది.

ఆ గొయ్యి సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతానిది. అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. 1980 మే 18 ఉదయం 8:32కి భూకంపం వచ్చి, కొండకి ఉత్తరం వైపు మొత్తం జారిపోయింది. అప్పటిదాకా లోపల బిగబట్టుకుని ఉన్నదంతా, ఆవిరి పోకుండా మూత లాగిన కుక్కర్లా పక్కకి పేలింది. 57 మంది పోయారు. 9,677 అడుగుల కొండ 8,363 అడుగులకి దిగింది. అంటే మనం ఎక్కేది శిఖరం కాదు, శిఖరం ఎగిరిపోగా మిగిలిన అంచు.

సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే ఐదుగురం బయల్దేరాం. వేసవిలో రోజుకి 110 మందికే పర్మిట్లు. తత్కాల్ టికెట్ కొట్టిన అనుభవం ఉంది కాబట్టి ఆ పని నాకే అప్పజెప్పారు. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచినవాణ్ణి, రానూపోనూ 16 కిలోమీటర్లు నాకో లెక్కా అనుకున్నాను. ఆ లెక్కలో నిలువు మర్చిపోయాను. ఎక్కాల్సిన ఎత్తు 4,500 అడుగులు!

మొదట అడవి. చల్లగా, హాయిగా పాటలు పెట్టుకుని నడిచాం. చెట్లు అయిపోగానే బండలు. పాత లావా గడ్డకట్టి పగిలిన రాళ్లవి, గరుకుగా ఉంటాయి. చేతులకి గ్లవుజులు లేకపోతే అరచేతులు గీరుకుపోతాయి. దారి చూపించడానికి అక్కడక్కడ కర్రలు పాతారు. బండలు దాటితే చివరి వెయ్యి అడుగులూ బూడిద. అడుగు పైకేస్తే అరడుగు కిందకి జారతాం.

ఆ బూడిద మొదలయ్యే చోట మాలో ఒకడికి మోకాలు పట్టేసింది. "నేనిక్కడే కూర్చుంటా, మీరెళ్లండిరా" అన్నాడు. ఎవరో ఒకరు వాడి దగ్గర ఉండాలని మిగతా నలుగురికీ తెలుసు. ఆ ఒకరు నేను కాకపోతే బాగుణ్ణని నలుగురం అనుకున్నాం. పర్మిట్ల కోసం కష్టపడింది నేను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వాడికో నీళ్ల బాటిల్ ఇచ్చి వెళ్లిపోయాం.

పైన రెయిలింగ్ లాంటిదేమీ లేదు. అంచు దగ్గర నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద గొయ్యి, మధ్యలో 2004 నుంచి 2008 దాకా మళ్లీ పైకి తోసుకొచ్చిన లావా గుట్ట. ఇంకా సన్నగా పొగలు. దూరంగా స్పిరిట్ లేక్. ఆ రోజు పేలుడుకి కూలిన చెట్ల మొద్దులు ఇప్పటికీ దానిమీద తేలుతూనే ఉన్నాయి. అంత చూపు ఒక్కసారి ఆనలేదు. ఇరవై నిమిషాలున్నాం. ఎక్కువసేపు ఫోటోలకే పోయింది.

దిగొచ్చేసరికి వాడు లేడు.

ఫోన్లకి సిగ్నల్ లేదు. బండల మధ్య పేరు పెట్టి అరిచాం. నలభై నిమిషాలు అటూ ఇటూ వెతికాం. ఎదురొచ్చిన ప్రతివాళ్లనీ అడిగాం. చివరికి ఒకావిడ, కుంటుకుంటూ వెళ్తున్న కుర్రాణ్ణి కింద అడవి దగ్గర చూశానని చెప్పింది. ఆ మిగతా దారి ఎలా దిగానో నాకు గుర్తులేదు.

కారు పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎవరో ముసలి దంపతులు చేతికర్ర ఇచ్చి, కూడా నడిచి దించారట. కారు తాళం నా జేబులో ఉంది. తిట్టలేదు. "నీళ్లున్నాయేంట్రా?" అని మాత్రం అడిగాడు. ఇంటికొచ్చేదాకా కారులో పాటలు ఎవరూ పెట్టలేదు. రాత్రి గ్రూపులో ఫోటోలు పెడితే అన్నిటికీ వరసగా హార్ట్ కొట్టాడు, వాడు లేని శిఖరం ఫోటోలతో సహా.

"పోనీలే, అందరూ బాగా ఎక్కారా?" అంది అమ్మ.

"ఆఁ, అందరం ఎక్కామమ్మా" అన్నాను.